హస్తవాసి మంచిది కాదట

నర్సింగ్ చదివే పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగేవి ఇవే. నరం దొరక్కపోతే ఏం చేయాలి, డాక్టరు నలుగురిలో తిడితే ఏం చేయాలి, నైట్ డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకోవాలి. ఇవన్నీ ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు వాటంతటవే వస్తాయి. అడగాల్సింది మాత్రం ఒక్కరూ అడగరు. "నువ్వొద్దు, ఇంకో సిస్టరును తోలు" అని మంచం మీది మనిషి అంటే ఏం చేయాలి? నా ఉద్యోగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. జవాబు నాకు తెలుసని కాదు. తెలిసినంత రాసిపెడితే మీరు మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెట్టే పని తప్పుతుందని రాస్తున్నాను.

నా పేరు సువార్త. మాది నవాబుపేట దగ్గరి ఊరు. మాదిగ ఇల్లు, మా తాత కాలంలోనే చర్చిలో కలిశాం. వికారాబాద్ చుట్టుపక్కల సర్కారు దవాఖానల్లో రిటైరయ్యేదాకా పనిచేశాను. తర్వాత ఇంట్లో కూర్చోలేక తాండూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుల ఇన్‌చార్జిగా చేరాను. ఏ ఆస్పత్రి పేరూ చెప్పను. ప్రమోషన్ల సంగతీ రాయను. అవి సర్వీసు పుస్తకంలో ఉంటాయి, ఎలుకలు తినకపోతే.

ఎవరోళ్లు?

హస్తవాసి అనే మాట మీకు తెలుసు. గోలీ అదే, సూది అదే, కానీ ఫలానా డాక్టరు చేత్తో ఇస్తే తగ్గుతుందంటారు. ఆయన హస్తవాసి మంచిదంటారు. ఆ మాట మీద నాకు కోపం లేదు. రోగికి నమ్మకం కూడా సగం మందే.

నేను చేరిన కొత్తలో ఒక పెద్దామెకు సూది వేయడానికి వెళ్లాను. పండు ముసలి. నన్ను చూసి ముద్దుగానే అడిగింది.

"ఏ ఊరు బిడ్డా?"

"నవాబుపేట దిక్కు అవ్వా."

"నవాబుపేటల ఎవరోళ్లు?"

"మా నాయిన పేరు ప్రకాశం."

"గది గాదు బిడ్డా. ఇల్లు యాడ? ఊరి లోపట్నా, అవతల్నా?"

అవతలేనని చెప్పాను. ఆమె కోప్పడలేదు, తిట్టలేదు. చాచిన చెయ్యి దుప్పటి కిందికి తీసుకుంది. "సూది రేపేస్కుంట తీ" అంది. కాసేపటికి వాళ్ల కొడుకు మా హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్లి, ఆ కొత్త సిస్టరు హస్తవాసి మంచిది కాదట, ఇంకొకరిని పంపండి అన్నాడు. నేను దవాఖానలో చేరి వారం కూడా కాలేదు. నా చేతికి మంచో చెడో పేరు రావడానికి నేనింకా ఎవరికీ ఏమీ చేయనే లేదు.

కులం పేరు నోటితో అంటే కేసవుతుందని అందరికీ తెలిసిపోయింది. అందుకని ఆ పని హస్తవాసికి అప్పజెప్పారు. దాని మీద ఏ కేసూ పెట్టలేరు. నమ్మకం గదమ్మా, నమ్మకానికి ఎవరేం జేస్తరు అంటారు.

ఇంకొకటి చెబుతాను. మా దిక్కు మొదటి కాన్పు క్షేమంగా అయితే, కాన్పు చేసిన సిస్టరుకు జాకెట్ ముక్క, కొబ్బరిచిప్ప ఇస్తారు. ఒకసారి ధారూర్ నుంచి వచ్చిన పిల్లకు పొద్దంతా కూర్చుని కాన్పు చేశాను. నా నడుము విరిగిపోయింది. బిడ్డ ఏడ్చాక వాళ్ల తల్లి పసుపు కుంకుమలతో జాకెట్ ముక్క తెచ్చి, అప్పుడే డ్యూటీకి వచ్చి చీర మీద ఆప్రాను కట్టుకుంటున్న ఇంకో సిస్టరు చేతిలో పెట్టింది. ఆ సిస్టరు మంచిది. వాళ్లు వెళ్లాక సిగ్గుపడి, "ఇది నీదే, తీస్కో" అంది. రంగు బాగాలేదు, నువ్వే కుట్టించుకో అన్నాను. నిజంగానే రంగు బాగాలేదు. అయినా ఆ పూట ఇంటికి వెళ్లి అన్నం తినలేకపోయాను.

రెండింతలు శుభ్రం

మా హెడ్ సిస్టర్ పేరు కరుణమ్మ. ఆమెదీ నాలాంటి ఇల్లే. గంజి పెట్టిన తెల్లచీర మీద ఒక్క ముడత ఉండేది కాదు. నన్ను కూతురిలా చూసుకుంది. దుప్పటి కింద చెయ్యి దాచుకున్న ముసలామె సంగతి జరిగిన రోజు నన్ను నల్లా దగ్గరికి తీసుకెళ్లి చెప్పింది.

"సూడు సువార్తా, మనం రెండింతలు శుభ్రంగ ఉండాలె. వేరేటోళ్లు ఒక్కసారి చేతులు కడుక్కుంటె మనం రెండుసార్లు కడుక్కోవాలె. అప్పుడు ఎవ్వలు నోరు తెరవరు."

చెప్పినట్టే చేశాను. లైఫ్‌బాయ్ సబ్బు, బ్రష్షు, మోచేతుల దాకా రెండుసార్లు. దానితో ఎవరి నోరూ మూతపడలేదు. కరుణమ్మ మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు: ఆ సలహా తప్పు. రెండోసారి కడుక్కున్నామంటే, మురికి మనదేనని మనమే ఒప్పుకున్నట్టు. అది బుర్రకు అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చేతులకు ఇంకా అర్థం కాలేదు. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్లి వంటగదిలో సాయం చేయాల్సి వస్తే రెండుసార్లు కడుక్కుంటాను. మా కోడలు నవ్వుతుంది.

నోటి దురుసు డాక్టరు

పనిచేసిన చోటల్లా పై అధికారులు మంచివాళ్లే దొరికారు. మర్యాదగా మాట్లాడేవాళ్లు, సిస్టర్ గారూ అనేవాళ్లు. వాళ్లకు ఒక అలవాటు ఉండేది. పేషెంటు బంధువు వచ్చి చెవిలో ఏదో చెప్పగానే, ఎవరి మనసూ నొప్పించకుండా డ్యూటీ మార్చేసేవాళ్లు. నన్ను కాన్పుల నుంచి కాలిన గాయాల వార్డుకు మార్చిన డాక్టరు ఎంత తియ్యగా చెప్పాడంటే, బయటికొచ్చాక గానీ ఏం జరిగిందో నాకు తెలియలేదు. ఏళ్లు గడిచాక చూస్తే, నాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమంతా కాలిన గాయాల దగ్గరా, టీబీ దగ్గరా, శవాల గది దగ్గరా తేలాం. ఎవరూ కావాలని చేయలేదట. దానంతటదే అలా కుదిరిందట.

ఒక్క డాక్టరు మాత్రం వేరు. పరమ కోపిష్టి. పాన్ నములుతూ రౌండ్స్‌కు వచ్చేవాడు. నన్ను తిట్టినన్ని తిట్లు మా అత్త కూడా తిట్టలేదు. ఒకరోజు ఒక పెద్దమనిషి వచ్చి, మా కోడలికి ఈ సిస్టరు వద్దు సార్, ఈమె హస్తవాసి పడదు మాకు అన్నాడు. డాక్టరు పాన్ ఉమ్మేసి వచ్చి చెప్పాడు.

"ఇంకో సిస్టరు లేదు. బస్టాండు ఉన్నది. పరిగి బస్సు వస్తది, ఎక్కిపో. ఆడ హస్తవాసి దొరుకుతదేమో సూస్కో."

ఆ పెద్దమనిషి ఎక్కడికీ వెళ్లలేదు. కోడలికి నేనే సూది వేశాను. మర్నాడు అదే డాక్టరు సెలైన్ స్టాండు అడ్డంగా పెట్టానని నన్ను గాడిద అన్నాడు. ఏ మాటకామాటే చెప్పాలి. మెత్తగా మాట్లాడిన మంచివాళ్లు నాకు చేసిన నష్టం ఈయన తిట్లు చేయలేదు. పై అధికారిని నోటిని బట్టి అంచనా వేయకండి. ఎవరో వచ్చి చెవిలో చెప్పినప్పుడు ఏం చేస్తాడో చూడండి, చాలు.

చైనా సిస్టర్

ఇక అసలు సంగతికి వస్తాను. తాండూరు ఆస్పత్రి సంగతి. రోజూ పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి వెళ్లేదాన్ని. ఆస్పత్రి యజమాని లేడీ డాక్టర్. అందరం మేడం అనేవాళ్లం. కసిరి మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. అది చూసి మొదట్లో సంతోషించాను; పైన రాసినది మరిచిపోయాను కాబోలు.

అక్కడికి మిజోరం నుంచి ఒక నర్సు వచ్చింది. పేరు లాల్‌రెమి, రెమి అనేవాళ్లం. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, సన్నటి కళ్లు. అంత దూరం నుంచి తాండూరుకు ఎందుకొచ్చావమ్మా అంటే చెప్పింది. కొండల మీద వాళ్ల ఊరి దగ్గర ఒక చిన్న క్లినిక్ ఉందట. అక్కడి ముసలి నర్సు దిగిపోతోంది. లేబర్ రూములో ఏడాది నిండా పనిచేస్తే ఆ జాగాలో ఈమెను తీసుకుంటారు. ఆ క్లినిక్కు పోలేక దారిలోనే వాళ్ల అక్క కాన్పు జరిగి, బిడ్డ దక్కలేదట. అందుకని ఈ అమ్మాయికి లేబర్ రూము తప్ప వేరే ధ్యాస లేదు.

తెలుగు ఆ గదిలోనే నేర్చుకుంది. అందుకని ఆమెకు వచ్చిన తెలుగంతా కాన్పు తెలుగే. "జర ముక్కు అక్కా, ఇంక జర, ఇంక జర, ఊపిరి ఇడువు, అయిపాయె అయిపాయె." కూరగాయల మార్కెట్‌లో కొత్తిమీర ఇంకొంచెం వేయమనడానికి కూడా "ఇంక జర, ఇంక జర" అనేది. కొత్తిమీర అమ్మే ఆమె పొట్ట పట్టుకుని నవ్వేదట. కర్ణాటక దిక్కు నుంచి వచ్చే పేషెంట్ల దగ్గర నాలుగు కన్నడ మాటలు కూడా పట్టింది. పనిలో వంక పెట్టడానికి లేదు. నొప్పులు పడే ఆడమనిషి నడుము దగ్గర చెయ్యి వేసి కూర్చుంటే, అరుపులు సగం తగ్గేవి.

వార్డు బాయ్‌లు ఆమెకు పెట్టిన పేరు చైనా సిస్టర్. కరోనా వచ్చిపోయాక ఆ మాటకు ఇంకో ముల్లు మొలిచింది. పేషెంట్లు ఆమెను చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. మేనేజరు ఒక ఉపాయం చేశాడు. రెమి అంటే ఎవరికీ నోరు తిరగదని, బ్యాడ్జీ మీద రమ్య అని కొట్టించాడు. నేను అడిగితే, "మంచి పేరే గద సిస్టర్" అన్నాడు. మంచి పేరే. ఆమెది కాదు, అంతే.

తర్వాత మొదలైంది పాత పాట. ఒక ఇంటివాళ్లు వచ్చి, ఆమె హస్తవాసి మంచిగ లేదంట, వేరే సిస్టరు కావాలె అన్నారు. తర్వాత ఇంకొకరు. ఆ మాట మళ్లీ వినపడేసరికి నాకు కోపం కూడా రాలేదు. ఒళ్లంతా నీరసం కమ్మింది, అంతే.

చేతులు

ఒకరోజు గ్లవుజులు తొడుక్కుంటూ రెమి చిన్నగా మూలిగింది. చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి రక్తం చెమ్మ కనబడుతోంది. సబ్బు పడలేదా, ఎన్నిసార్లు కడుగుతున్నావు అన్నాను.

"మస్తుసార్లు అమ్మా. అయినా అందరు అంటనే ఉన్నరు గద."

"ఏమంటున్నరు?"

"నా హస్తవాష్ మంచిగ లేదని."

నాకు ముందు అర్థం కాలేదు. హస్తం అంటే చెయ్యి అని ఆమెకు తెలుసు. ఎన్నికలప్పుడు గోడల మీద చెయ్యి బొమ్మ పక్కన ఆ మాట చూసిందట. వాష్ అంటే కడగడం. రెండూ కలిపి, తను చేతులు సరిగ్గా కడుక్కోవడం లేదని అందరూ ఫిర్యాదు చేస్తున్నారని అనుకుంది. ఎవరు హస్తవాసి అన్నా వెళ్లి మళ్లీ కడుక్కునేది. లేబర్ రూము సింకు దగ్గర గోడకు చేతులు కడిగే పద్ధతి బొమ్మల చార్టు ఉంటుంది కదా, దాన్ని చూస్తూ మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చేసి, మళ్లీ మొదలుపెట్టేది.

"ఇంక ఎట్ల కడగాలె అమ్మా? జర సూపియ్యి" అంది.

నేను ఆ సింకు దగ్గర నిలబడి, కొళాయి కట్టేసి, నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి, ఒక్కసారి చాలు, కొబ్బరినూనె రాసుకో అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పడానికి మాత్రం ఆ రోజు నోరు రాలేదు. కరుణమ్మ నన్ను నల్లా దగ్గర నిలబెట్టిన రోజు కళ్ల ముందు కదిలింది. నాకు ఒకరు చెబితే కడుక్కున్నాను. ఈ పిల్లకు ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది.

మీ సంగతి వేరు

ఆ వారంలోనే రెమిని జనరల్ వార్డుకు మార్చమని చీటీ వచ్చింది. ఏడాది నిండడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. నేను మేడం గదికి వెళ్లాను.

"కూర్చోండి సిస్టర్. టీ చెప్పనా?"

"వద్దు మేడం. రెమి ఏం తప్పు చేసింది?"

"తప్పేం లేదు. మస్తు కష్టపడతది. నాకేం లేదు సిస్టర్, నా దృష్టిలో అందరూ ఒకటే. పేషెంట్లే అడుగుతున్నరు. ఇది సర్కారు దవాఖాన కాదు కదా. మనం వద్దంటే ఎదురుగానే ఇంకో ఆస్పత్రి ఉంది."

పేషెంట్లే అడుగుతున్నారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి పిల్లలూ. మీ ఉద్యోగంలో మీరు వినే అన్ని మాటల్లోకీ ఇదే ప్రమాదం. ఇది అన్నాక ఎవరి చేతికీ మట్టి అంటదు. అడిగినవాళ్లు నమ్మకం అంటారు, ఇచ్చినవాళ్లు వ్యాపారం అంటారు, మధ్యలో ఒక మనిషి వార్డు మారిపోతుంది.

"హస్తవాసి అంటరు, ఏదో అంటరు. జనం సంగతి మీకు తెలియంది కాదు" అంది మేడం.

"తెలుసు మేడం. నా హస్తవాసి మంచిది కాదని మీరు పుట్టకముందే అన్నరు."

మేడం నవ్వింది. మనసులో ఏమీ పెట్టుకోకుండా, ఎంతో ఆప్యాయంగా అంది.

"అయ్యో, మీ సంగతి వేరు సిస్టర్. మీరు మనోళ్లే కదా."

ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆ మాట కోసం. ఊరి లోపలివాళ్లు, చదువుకున్నవాళ్లు, ఒక్కరైనా నన్ను మనోళ్లు అంటారేమోనని వయసంతా చూశాను. చివరికి అన్నారు. ఎప్పుడన్నారంటే, నాకన్నా అవతల నిలబెట్టడానికి ఇంకొక మనిషి దొరికినప్పుడు. అప్పటిదాకా ఊరవతల చివరి ఇల్లు నాది. ఇప్పుడు దాని అవతల ఇంకో ఇల్లు లేచేసరికి నేను లోపలిదాన్ని అయ్యాను. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడం ఇష్టంలేక కిటికీ వైపు చూశాను. బయట బండల లారీ ఏదో పోయి, అద్దమంతా తెల్లటి ధూళి పట్టి ఉంది.

"రెమి ఆ గదిలోంచి పోతే నేనూ పోత మేడం" అన్నాను.

ఆమె బేరానికి వచ్చింది. సరే, కాన్పు ఆమె చేసుకోనీ, మీరు పక్కన ఉండండి. బిడ్డను మాత్రం మీరే ముందు అందుకున్నట్టు ఇంటివాళ్లకు చెప్పండి. నేను అవుననలేదు, కాదనలేదు.

శాంతమ్మ మనవరాలు

బండల పాలిషింగ్ యూనిట్ ఉన్న ఒక ఇంటి కోడలు స్వప్న మొదటి కాన్పుకు వచ్చింది. నెల నెలా చెకప్‌కు వచ్చినప్పుడు రెమినే చూసింది కాబట్టి రెమి అంటే ఆ పిల్లకు ప్రాణం. అత్త శాంతమ్మకు మాత్రం గిట్టదు. నన్ను వరండాలో ఆపింది.

"సిస్టరమ్మా, నీ హస్తవాసి మంచిదని తాండూరంత అంటది. పోరగాన్ని నువ్వే అందుకోవాలె. మొదలు ఎవ్వలెత్తుకుంటె గాళ్ల బుద్ధులే వస్తయి. గా చైనా పిల్ల చెయ్యి పడొద్దు."

"పోరగాడేనని నీకెవరు చెప్పిన్రు శాంతమ్మా?"

"దేవుడు చెప్పిండు" అని నవ్వింది.

నాకూ నవ్వొచ్చింది. ఇలాంటి ఇంటివాళ్లే దుప్పటి కింద చెయ్యి దాచుకున్నారు. ఇప్పుడు అదే చేతి కోసం వరండాలో కాపు కాస్తున్నారు. నా చెయ్యి ఏమీ మారలేదు, కొంచెం వణుకు వచ్చిందంతే.

మధ్యాహ్నం నొప్పులు ఎక్కువయ్యాయి. స్వప్న రెమి మణికట్టు పట్టుకుని వదల్లేదు. "నువ్వే తియ్యాలె అక్కా, నువ్వే" అంటోంది. రెమి పాఠం మొదలుపెట్టింది. జర ముక్కు అక్కా, ఇంక జర, ఇంక జర. తల బయటికి వచ్చాక చూస్తే మెడ చుట్టూ బొడ్డుపేగు ఒక చుట్టు ఉంది. రెమి కంగారు పడలేదు, వేలితో దాన్ని తల మీదుగా తీసేసింది. బిడ్డ జారి ఆమె చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. వెంటనే ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. కావాలనే కట్టుకున్నాను.

తలుపు తీయగానే శాంతమ్మ.

"ఎవ్వలు అందుకున్రు?"

"రెమి."

"నువ్వందుకుంటనంటివి గదమ్మా!"

"నేననలే. నువ్వన్నవు."

లోపలి నుంచి స్వప్న గొంతు వినబడింది, నీరసంగా. "నేనే అడిగిన అత్తమ్మా. రెమి అక్కనే తియ్యాలన్న."

శాంతమ్మ చేతిలో జాకెట్ ముక్క, కొబ్బరిచిప్ప ఉన్నాయి. అలవాటు చొప్పున నా చేతిలో పెట్టబోయింది. కాన్పు చేసినోళ్లకు ఇయ్యమ్మా అన్నాను. ఆమె రెమి వైపు చూసింది. రెమి బిడ్డను తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెడుతోంది. శాంతమ్మ జాకెట్ ముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఇస్తుందేమో అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. తర్వాత ఆ ముక్క మడతపెట్టి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

రమ్య సిస్టర్

మర్నాడు నేను రైలు దిగి వెళ్లేసరికి రెమి జనరల్ వార్డులో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నా ఆప్రాను మేడం టేబుల్ మీద పెట్టి, తిరుగు రైలెక్కి వికారాబాద్ వచ్చేశాను. నాలాంటి పాత చెయ్యి లేక లేబర్ రూము నడవడం కష్టమైంది కాబోలు, కొన్నాళ్లకు మేడం ఫోన్ చేసింది. రెమిని లేబర్ రూముకే తీసుకుంటాను సిస్టర్, ఒక్కటే షరతు అంది. డ్యూటీలో ఉన్నంతసేపు మాస్కు తీయొద్దు. వరండాలో కూడా. మొహం కనబడకపోతే ఎవరికీ ఏ బాధా ఉండదు.

నేను కుదరదు అనబోయాను. రెమి అప్పటికే ఒప్పుకుందట. ఎందుకు ఒప్పుకున్నావే అని ఫోన్లో కోప్పడ్డాను.

"ఏం గాదమ్మా. ముక్కుమని చెప్పేటందుకు మొహం ఎందుకు?" అంది.

మళ్లీ వెళ్లాను. ఏడాది నిండేదాకా ఇద్దరం ఆ గదిలోనే ఉన్నాం. మాస్కు పైన కళ్లు, గుండె మీద రమ్య అనే బ్యాడ్జీ, నోట్లో మన తెలుగు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అంతటితో ఆగితే బాగుండేది. నెల తిరక్కుండా రమ్య సిస్టర్ హస్తవాసి మస్తు మంచిదని పేరొచ్చింది. పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు రమ్య సిస్టరే కావాలని కూర్చునేవాళ్లు. ఒకామె నన్ను అడిగింది కూడా, గా రమ్య సిస్టరు ఎవరోళ్ల పిల్ల అని. నీకు నచ్చినోళ్ల పిల్ల అనుకో అన్నాను.

ఆ రోజుల్లోనే రెమికి హస్తవాసి అంటే అర్థం చెప్పాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచి కూర్చున్నప్పుడు. ఆమె మాస్కు కిందికి లాగి, అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మొత్తం విన్నది. "గట్లనా" అంది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది.

మీరు అడగని ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. మిమ్మల్ని వద్దన్నవాళ్ల ముందు ఏడవొద్దు, వాళ్లను ఒప్పించాలనీ చూడొద్దు. ఒప్పుకోవాల్సింది మీ పై అధికారి. ఇవాళ వద్దన్నది మిమ్మల్ని కాకపోయినా, పక్క సిస్టరును అయినా, మీరు కదలండి. ఆమె అయిపోతే వంతు ఎవరిదో తెలుసు కదా. గెలిచినప్పుడు దేన్ని గెలిచారో ఒకసారి చూసుకోండి. మేం గెలిచింది ఒక మాస్కు. ఇక చేతులు. పేషెంటు కోసం ఒకసారి పద్ధతిగా కడుక్కోండి. మీ పుట్టుక కోసం రెండోసారి కడగొద్దు.

చెప్పడం తేలికే. రెమి వెళ్లిపోయే రోజు తాండూరు స్టేషన్‌కు వెళ్లాను. క్లినిక్కులో ఉద్యోగం ఖాయమైంది. మొహం మీద మాస్కు లేదు, చాలా రోజుల తర్వాత వెలుతురులో ఆమె మొహం పూర్తిగా చూశాను, ఎంత ముద్దుగా ఉందో. స్వప్న వచ్చి కూతురిని ఆమె ఒళ్లో పెట్టి ఫొటో తీసుకుంది, అత్తకు తెలియకుండా. రైలు వచ్చే ముందు రెమి నా చేతులు పట్టుకుంది. గరుకుగా తగిలాయి. తిప్పి చూశాను. కణుపుల దగ్గర పగుళ్లు అలాగే ఉన్నాయి.

"అర్థం చెప్పిన గదా బిడ్డా. ఇంకా ఎందుకు కడుగుతున్నవు?"

"తెల్సమ్మా. తెల్సినంక గూడ ఆగుతలేదు" అంది.

రైలు కదిలింది. చెయ్యి ఊపి, కళ్లు తుడుచుకుని, ప్లాట్‌ఫారం మీది నల్లా దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకున్నాను. రెండోసారి నల్లా తిప్పబోతూ చూసుకుని ఆగాను. ఆ రోజు ఆగగలిగాను. రోజూ ఆగలేను.